ముందుకే పోలయ్య, వెనకచూపు కెమెరా

చిన్నపోలయ్య వెనక్కి పోడు. బండిలో ఉన్నా పోడు, నడుస్తున్నా పోడు, ఆడిన మాట మీద నుంచి అసలే పోడు. కోట మండలంలో ఒక రొయ్యల కంపెనీకి ఆడవాళ్ళను చేరవేసే నీలం వ్యానుకు ఆయన డ్రైవరు. ఆ వ్యానుకు రివర్స్ గేరు ఉందనడానికి గేరు రాడ్డు మీది బొమ్మ తప్ప వేరే సాక్ష్యం లేదు. అందుకే జనం ఆయనకు ముందుకే పోలయ్య అని పేరు పెట్టుకున్నారు.

"ఎందుకన్నా నువ్వు ఎనక్కి పోవు?" అని ఎవరన్నా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు జేబులోంచి అడకత్తెర బయటికి వస్తుంది. వక్క నిదానంగా కత్తిరించి, పలుకు బుగ్గన పెట్టుకుని, అప్పుడు చెబుతాడు.

"మాది సముద్రం మీద బతికిన వంశం. పడవకి రివర్స్ గేరుండాదా? అలకి ఉండాదా?"

"అల ఎనక్కి కూడా పోద్ది గదన్నా?"

"అది పోద్దిలే. దానికి వేరే పనేముంది?"

రొయ్యలు వొలిచే ఆడవాళ్ళ సంఘం పని మీద నేను ఆ వ్యానులో చాలాకాలం తిరిగాను. డ్రైవరు పక్క సీటు నాది. కాబట్టి ఈ కథలేవీ గాలికి విన్నవి కావు. సాక్షాత్తూ పోలయ్య నోటి నుంచే విన్నాను.

ఒకసారి డీజిల్ బంకు దగ్గర బండి మూరెడు ముందుకు పోయిందట. బంకులో మనిషి పైపు పట్టుకుని, "కొంచెం ఎనక్కి రా పోలయ్యన్నా" అన్నాడు. అంతే, పోలయ్య ఆ పైపు ముఖం చూడకుండా హైవే ఎక్కి చిల్లకూరు దిక్కు పోయాడు. ఇంకో బంకు కనుచూపు మేరలో ఉండగా డీజిల్ అయిపోయింది. దిగి తోసుకుంటూ పోయాడు. "తోసింది కూడా ముందుకే గదమ్మా" అని ముగించేటప్పుడు ఆయన మొహంలో యుద్ధం గెలిచిన కళ ఉండేది.

పెళ్ళిచూపుల కథ ఇంతకన్నా పెద్దది. వ్యాను తోలుకుని పిల్లను చూడ్డానికి పోయాడు. సందు చివర పిల్ల ఇల్లు, ఆ తర్వాత గోడ. చూపులయినాయి, టిఫిను అయింది, బండి మాత్రం కదల్లేదు. గోడ అవతల పెరడు గలాయన కనికరించి గోడ కొట్టించేదాకా, రెండు పూటలు కాదు మూడు రోజులు అక్కడే తిష్ట. ఈలోగా మామగారికి అన్నం పెట్టి పెట్టి ప్రేమ పుట్టింది. సంబంధం ఖాయమైంది.

నడకలోనూ అదే వరస. టీ బంకులో తువ్వాలు మరిచిపోతే వెనక్కి తిరగడు. ఊరంతా చుట్టి అటు పక్క నుంచి వస్తాడు. ఒకసారి ఆ చుట్టులో ఒక తగువు తీర్చి, ఒక పరామర్శ కానిచ్చి, ఒక బారసాలలో భోంచేసి బంకుకు చేరాడు. తువ్వాలు ఎవరో ఎత్తుకుపోయారు. "పోనీ, ఆడు కూడా ముందుకే పోయుంటాడు" అన్నాడు.

ఇక కంపెనీ రూటు సంగతి. పొద్దున్నే ఊళ్ళ వెంట ఆడవాళ్ళను ఎక్కించుకుంటూ కాలవ వంతెన దాకా రావాలి. అక్కడ రోడ్డు సన్నం. బండిని ఒకసారి వెనక్కి తీసి, తిప్పుకుని, వచ్చిన దారినే కంపెనీకి పోవాలి. పోలయ్య వెనక్కి పోడు కదా. వంతెన దాటి, కాలవ కట్ట పట్టుకుని, కట్ట మీది గిరిజన కాలనీ మధ్య నుంచి చుట్టి అవతలి రోడ్డు ఎక్కేవాడు. ఎటూ కాలనీలోంచే పోతోంది కాబట్టి అక్కడి ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. వాళ్ళూ అదే కంపెనీలో రొయ్యలు వొలిచేవాళ్ళే.

కాలనీకి స్టాపు ఇవ్వమని మా సంఘం కంపెనీని అడగని మీటింగు లేదు. రవాణా చూసే సూపర్‌వైజరు హరినాథ్ ప్రతిసారీ ఒకే పాట పాడేవాడు.

"అది రూట్లో లేదమ్మా."

"రూటు దేవుడు రాసినాడా సార్?"

"హెడ్డాఫీసు రాసింది."

దేవుడైతే ఎప్పుడన్నా కరుణించేవాడు. ఉన్నమాట చెప్పాలంటే లేనిది దారి కాదు, లెక్క. ఆ కాలనీ వాళ్ళను ఎవరూ లెక్కలో వేసుకోలేదు. రొయ్య కోసం ఐసు లారీ చెరువు గట్టు దాకా పోతుంది. ఆ రొయ్యను వొలిచే మనిషి మాత్రం చీకట్లో, పాముల కట్ట మీద నడిచి రావాలి. గేటుకు ఆలస్యమైతే సగం కూలి కోత. మా ధర్నాలకు లొంగని ఆ రూటు పోలయ్య పిచ్చికి లొంగింది.

హరినాథ్ చెడ్డవాడు కాదు, డీజిల్ లెక్క చూసేవాడు, అంతే. ఒకరోజు ఆ చుట్టుదారి లెక్క ఆయన కంట్లో పడింది. మర్నాడు మేం వ్యానులో ఉండగానే ఒక అట్టపెట్టెతో వచ్చాడు.

"పోలయ్యా, ఇది వెనక కెమెరా. రివర్స్ గేరు వేస్తే వెనక ఉండేదంతా ముందు టీవీలో కనపడుతుంది. ఇంక నీకు భయం లేదు, కాలనీ చుట్టుడు లేదు. ఎల్లుండి నుంచి వాళ్ళు వంతెన దాకా నడిచి వస్తారు."

కాలనీ నుంచి వచ్చే మహాలక్ష్మి, ఒకప్పుడు ఆ కట్ట మీదే జారి కాలు విరగ్గొట్టుకున్న మనిషి, అన్నం క్యారియరు ఒళ్ళోకి లాక్కుని కిటికీ బయటికి చూసింది. నేను హరినాథ్‌తో గట్టిగానే పోట్లాడాను. పోలయ్య మాత్రం వక్క కత్తిరించుకున్నాడు.

కెమెరా బిగించింది కోటలో కార్ల సామాన్ల కొట్టు పెట్టుకున్న కిషోర్. నేనూ ఎక్కి పోయాను. వెనక నంబరు పలక పైన అతను డ్రిల్లు ఆనించగానే పోలయ్య బండికి అడ్డం పడ్డాడు.

"దానికి ఎనక కన్ను పెడతన్నావు. నా బండి ఎప్పుడన్నా ఎనక్కి చూసిందా?"

"ఇప్పుడు చూస్తదిలే అన్నా. పక్కకు జరుగు."

"దిష్టి తగిలితే?"

"నిమ్మకాయ కట్టుకో. కెమెరాకి అడ్డం మాత్రం కట్టబాకు."

కిషోర్ కన్నం వేసి, బొటనవేలి గోరంత కెమెరా బిగించి, దాని తీగను రివర్స్ లైటు తీగకు కలిపాడు. ఇంకో తీగను తలుపు అంచు వెంట, సీట్ల కింద నుంచి ముందుకు లాగి, అద్దం పక్కన చిన్న టీవీ తగిలించాడు. అంతసేపూ విసుక్కున్న పోలయ్యకు ఉన్నట్టుండి చదువు మీద ఆసక్తి పుట్టింది.

"కెమెరా కాడ ఆ పచ్చ తీగ ఏంది కిషోరూ, ఉంగరం మాదిరి చుట్టుకోనుండాది?"

"దాన్ని తాకబాకు అన్నా. అది తెగితే బొమ్మలో కుడి ఎడమవుద్ది, ఎడమ కుడవుద్ది. కెమెరాని బండి ముందర పెట్టుకునేవాళ్ళకి అట్టా తిప్పుకోడానికి ఇచ్చినారు."

"అబ్బ, ఎంత తెలివి" అన్నాడు పోలయ్య, అడకత్తెరను తువ్వాలుతో తుడుచుకుంటూ.

ఎల్లుండి రానే వచ్చింది. సైన్సు ఎట్లా పనిచేస్తుందో చూడ్డానికి హరినాథ్ స్వయంగా వ్యానెక్కాడు. వంతెన దగ్గర పోలయ్య బండి ఆపి, అందరూ చూస్తుండగా రివర్స్ గేరు వేశాడు. టీవీ వెలిగింది.

"సార్, ఒక అనుమానం. కాలవ మనకి కుడి పక్క గదా ఉండాది. దీంట్లో ఎడమ పక్క ఉండాదే."

"నీ కళ్ళకి అలవాటు లేదు. మిషను తప్పు చెప్పదు."

"కాలవ తప్పు చెప్పుద్దంటారా సార్?"

"నా కారుకీ ఉంది ఇది. లే, నేను చూపిస్తా."

పోలయ్య మర్యాదగా సీటు ఖాళీ చేసి వెనక్కి కేకేశాడు. "అమ్మలారా, దిగండి. సారు సైన్సు చూపిస్తాడంట."

అందరం దిగాం. హరినాథ్ చూపు టీవీ మీదే. అందులో ఎడమ పక్క కనిపించే కాలవకు దూరంగా, ఎంతో జాగ్రత్తగా, బండిని కుడికి పోనిచ్చాడు. వెనక చక్రం కట్ట దిగి బురదలో మెత్తగా కూర్చుంది. హరినాథ్ తలుపు తీసి కాలు కింద పెడితే, ఆ కాలూ మోకాటి దాకా అక్కడే కూర్చుంది.

అప్పటికే కట్ట మీద నడిచి వస్తున్న కాలనీ ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు. మహాలక్ష్మి ముందు నిలబడి చూసింది.

"ఏంది సార్, పొద్దున్నే స్నానానికి దిగినారా?"

"కొంచెం తొయ్యండమ్మా."

మహాలక్ష్మి కట్ట మీద చతికిలబడి క్యారియరు పక్కన పెట్టుకుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

"తోస్తే మాకు ఆలిస్యం. గేటు కాడ మాకు కూలి కోస్తారు. తొయ్యకపోతే మీకు ఆలిస్యం. మీకేం కోస్తారో మాకు తెలవదు. ఏం చేద్దామో మీరే చెప్పండి సార్."

"బండిలోనే తీసుకుపోతానమ్మా, అందర్నీ."

"ఇయ్యాలేనా?"

హరినాథ్ తన కాలు వంక చూసుకున్నాడు. "రోజూ" అన్నాడు.

"కాలనీలోకి వచ్చేనా?"

"వచ్చే."

"వాణక్కా, ఇన్నావు గదా" అంది నాతో. విన్నానన్నాను. అందరం నడుం బిగించి ఒక్క ఊపు ఊపితే బండి రోడ్డు మీదికొచ్చింది. స్టీరింగు దగ్గర పోలయ్య తల బయట పెట్టి, "ముందుకే తొయ్యండమ్మా, ముందుకే" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ వారమే కాలనీ స్టాపు రూట్లోకెక్కింది. హెడ్డాఫీసుకు హరినాథ్ ఏమని చెప్పుకున్నాడో మేం అడగలేదు, గెలిచినవాళ్ళకు ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఆ ఆదివారం సాయంత్రం పోలయ్య ఇంటికి పోయాను. ఆయన భార్య నాగులమ్మ టీ ఇచ్చి, వ్యాను చప్పుడు వినగానే చెయ్యి ఊపింది.

"కుర్చీ ఇట్టా జరుపుకో అమ్మా. ఆయన బండి పెట్టుకుంటాడు."

రెండు కొబ్బరి చెట్ల మధ్య బండి దూరడమే కష్టమనిపించే రేకుల షెడ్డు. అందులోకి ముందు వచ్చింది వ్యాను వీపు. టీవీ చూడలేదు, అద్దం చూడలేదు, ఒక చేత్తో తువ్వాలు సర్దుకుంటూ, ఒక్క మలుపులో నీళ్ళు బిందెలోకి పోసినట్టు బండిని లోపలికి దించేశాడు. రెండు పక్కలా బెత్తెడు సందు. నా టీ చల్లారిపోయింది.

"ఏందట్టా చూస్తావు?" అంది నాగులమ్మ. "ముందు పోర్టులో ట్రెయిలర్ తోలినాడు. ఆ పొడుగు బండ్లు ఎనక్కి పెట్టాలంటే ఈయన్నే పిలిచేవాళ్ళు."

"మరి పెళ్ళిచూపులప్పుడు మూడు రోజులు?"

"మా నాయన సందులో సైకిలే పట్టదు. ఈయన బస్సులో వచ్చినాడు."

"డీజిల్ బంకు?"

"అది నేను కల్పించి ఇచ్చినా. బాగుందని పెట్టుకున్నాడు."

ఆమె గొంతు తగ్గించింది. "ఆ మహాలక్ష్మి చీకట్లో కట్ట మీద నుంచి జారి కాలు ఇరగ్గొట్టుకునింది గదా, అప్పుడు మొదలుపెట్టినాడమ్మా ఈ యవ్వారం. కావాలని కాలనీలోకి పోతే రూలు తప్పినాడని పీకేస్తారంట. ఎనక్కి పోలేడంటే తిక్కోడంటారంట. తిక్కోడి మీద రూలేముండాది అన్నాడు."

పోలయ్య బండి దిగి నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. బండిని చూశాడు, షెడ్డును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఎంతసేపయిందమ్మా వచ్చి?"

"ఇప్పుడేనన్నా."

"ఏమన్నా చూసినావా?"

"ఏం చూళ్ళేదు. నేను కూడా ముందుకే చూస్తా కూర్చోనుండా."

ఆయన తల ఊపి, పక్కన కూర్చుని, అడకత్తెర తీశాడు. దాని నోట్లో ఇరుక్కున్న పచ్చ తీగ ముక్కను గోటితో ఊడబెరికి పారేసి, నాకూ ఒక వక్క పలుకు కత్తిరించి ఇచ్చాడు.