పెద్దమ్మ గొంతుకు పాలివాళ్లు

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఆమె ఫోన్‌లో ఏ కంపెనీ ఏమడిగినా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేది నేనే. పేరుకు బడిపంతులునే గానీ, ఆ షరతులు చివరిదాకా చదివిన పాపాన పోలేదు. అసలు మెట్‌పల్లి మొత్తంలో వాటిని చదివిన మనిషి ఉన్నాడంటే దండ వేసి దండం పెడతాను.

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం కూడా అలాగే నొక్కబోయాను. అవ్వ మాటలు పంపుకునే యాప్ తన షరతులు మార్చిందట. నెలాఖరులోగా ఒప్పుకోకపోతే ఖాతా మూసేస్తామని తెర మీద రాశారు. నా వేలు బటన్ మీదికి పోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఆగు కొడుకా. ఏం రాసిన్రో ముందుగాల సదువు."

"ఏముంటదవ్వా, ఎప్పుడుండేదే."

"ఎప్పుడుండేదే అయితే మల్లెందుకు అడుగుతున్నరు?"

పిల్లలనైతే కూర్చోమని గద్దించేవాణ్ని. అవ్వను గద్దించలేక చదవడం మొదలుపెట్టాను.

ఆమె కంగారుకు కారణం ఉంది. చెన్నూరులో ఉండే మా పెద్దమ్మ, అంటే అవ్వకు స్వయానా అక్క, పోయిన ఏడాది చనిపోయింది. అక్కచెల్లెళ్లిద్దరికీ చదువు రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపడం మాత్రం ఇద్దరూ ఇట్టే పట్టేశారు. ఆ మాటలన్నీ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి. రోజూ అన్నం తిన్నాక అవ్వ గుమ్మం పక్కన కూర్చుని ఏదో ఒకటి వింటుంది. "చెల్లే, తిన్నవా?" అని పెద్దమ్మ గొంతు వస్తుంది. వెనకాల చెన్నూరు కోడి కూస్తుంది. "తిన్న అక్కా" అని అవ్వ జవాబిస్తుంది. పోయిన మనిషితో అలా మాట్లాడుతుంటే మొదట్లో నాకు ఒళ్లు ఝల్లుమనేది. ఇప్పుడు ఆ జవాబు వినబడకపోతేనే ఇల్లు ఇల్లులా ఉండదు.

ఒప్పుకోకపోతే ఆ గొంతు పోతుంది. ఒప్పుకుంటే ఉంటుంది. కానీ కొత్తగా చేర్చిన షరతు ఒకటి కనబడింది. మీరు పంపిన మాటలను, మీకు వచ్చిన మాటలను మా కంప్యూటర్లకు మనుషుల భాష నేర్పడానికి వాడుకుంటాం అని.

"అంటే అక్క మాటలు ఎవలో ఇంటరా?"

"మనుషులు వినకపోవచ్చవ్వా. మిషన్ వింటది. విని మాటలు నేర్చుకుంటది."

"మాటలు నేర్చినంక బయట మాట్లాడదా మరి?"

నవ్వబోయి ఆగిపోయాను. అవ్వ ముఖం పాలిపోయి ఉంది.

"అక్క నాకొక్కదానికే చెప్పుకున్న మాటలున్నయి దాంట్ల" అంది. మళ్లీ తనే, "చెన్నూరుకు ఫోన్ చెయ్యి. అక్క బిడ్డను రమ్మను. అవ్వ గొంతుల బిడ్డకు పాలు, వంతు లేదా? నేనొక్కదాన్నే ఎట్ల ఒప్పుకుంట?" అంది.

మా తాత కాలంలో భూమి అమ్మితే తెల్లకాగితం మీద బైనామా, అంటే అమ్మకపు పత్రం, రాసుకునేవాళ్లు. వేలిముద్రలకు ముందు భూమిలో వాటా ఉన్న పాలివాళ్లను, హద్దు చేలవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టి, కాగితమంతా గట్టిగా చదివి వినిపించేవాళ్లు. ఒక్కరు రాకపోయినా ఆ రోజుకు పని ఆగిపోయేది. అవ్వ చిన్నతనంలో చూసిన పద్ధతి అది. ఫోన్ కంపెనీ అయినా సరే అంతేనని ఆమె లెక్క. కంపెనీ తరఫు పెద్దమనిషి ఎప్పుడొస్తాడని కూడా అడిగింది. రాడని చెబితే, "గంత పెద్ద కాగితం రాసి, ఒక్క మనిషిని తోలరా?" అని నొచ్చుకుంది.

మరుసటి ఆదివారం పెద్దమ్మ బిడ్డ, నాకు వరసకు అక్క, చెన్నూరు నుంచి మంచిర్యాల మీదుగా బస్సులో వచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి ఆ గొంతు వినే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టుకుని చదివాను. కంపెనీవాళ్ల తెలుగు మా ముగ్గురికీ కొరుకుడు పడలేదు. ఇక ఇంగ్లీషు తెరిచి మా మాటల్లో చెబుతూ పోయాను. తెర ఎంత జరిపినా అడుగు తగలదు. కోడిని అదిలిస్తూ ఒక ముసలమ్మ అన్న మాట, ఏ సముద్రం అవతలో చెక్కుచెదరకుండా ఉందట. దాని మీద హక్కు కోసం ఎంతమంది వకీళ్లు కూర్చుని ఇదంతా రాశారో! నిజంగా నా కళ్లు తిరిగాయి. అంతకంటే ఆశ్చర్యం నా ఎదుటే ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్లు చాయ్ చల్లారిపోతున్నా కదలకుండా, ప్రతి షరతుకూ "ఆఁ" కొడుతూ విన్నారు. ఆ కంపెనీ మాటలకు అంత మర్యాద ఇంకెక్కడా దక్కి ఉండదు.

దాదాపు చివరికి వచ్చాక ఒక వాక్యం తగిలింది. ఒప్పుకోనివాళ్లు, ఖాతా మూసేలోపు తమ మాటలన్నిటికీ నకలు అడిగి తీసుకోవచ్చు.

"ఏదీ, మల్ల సదువు" అంది అవ్వ. మళ్లీ చదివాను.

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తె వీళ్ల సొమ్మేం పోయె?" అంది అక్క. ముగ్గురం నవ్వాం.

ఒప్పుకోవద్దని అక్కడే తీర్మానమైంది. అప్పుడు అక్క, "తమ్మీ, ఆ నకలు నాకు గూడ ఇయ్యి. ఎన్నడన్న ధైర్యం చేసుకోని ఇంట" అంది.

అవ్వ నవ్వు ఆగిపోయింది. నా వైపు వంగి అడిగింది, "ఒక్కటే తీసెయ్యాల్నంటే ఎట్ల?" వేలితో నొక్కి పట్టుకుంటే చెత్తబుట్ట బొమ్మ వస్తుందని చూపించాను. ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

"చెల్లే, నీకొక్కదానికే చెప్తున్న. బిడ్డకు తెల్వనియ్యకు..."

పెద్దమ్మ గొంతు తలుపు దాటి వచ్చింది. నేను చప్పున మిగిలిన షరతులు అందుకుని, బడిలో పాఠం చెప్పినట్టు గొంతెత్తి చదివాను. అక్క తల వంచుకుని చాప అంచు సరిచేస్తూ కూర్చుంది.

అవ్వ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తీసేసిన" అంది.

తీసేసినవి కూడా కొన్నాళ్లు వాళ్ల దగ్గర ఉండొచ్చని రాశారు, ఆ సంగతీ చెప్పాను.

"నేను చేసేది నేను చేసిన. ఇగ వాళ్ల పాపం వాళ్లది" అని, అక్క వైపు తిరిగింది. "ఒక్కటి నీకిస్తలేను బిడ్డా. ఏందని అడుగకు."

"నేనెందుకడుగుత చిన్నమ్మా? నీకు చెప్పుకుంది. చెప్పుకునేతందుకు మా అవ్వకు నువ్వన్న ఉన్నవ్."

ఆ పొడవాటి షరతులన్నీ చదివిన నోరు నాది. వాటిలో ఎక్కడా ఇంత మాట లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకోటేదన్న పెట్టు చిన్నమ్మా. ఇప్పుడే ఇంట" అంది.

అవ్వ నొక్కింది. చెన్నూరు కోడి కూసింది.

"చెల్లే, తిన్నవా?"

అవ్వ నోరు తెరిచి, ఆగి, అక్క వైపు చూసింది.

"తిన్న అవ్వా" అంది అక్క.