రెండో చెయ్యి చూడలేదు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడమంటే ఏదో పెద్ద మాట అనుకోకండి. అన్నం తింటాను, పేపరు చదువుతాను, యూనియన్ ఆఫీసులో కుర్చీ వేస్తే కూర్చుంటాను. అన్నీ చేస్తూనే మోస్తాను. నా భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఉన్నప్పుడు మాత్రం ఆమెకు చెప్పానా? లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇంత దూరం వచ్చేది కాదు.

గుంటూరు పక్కన ఒక నూలు మిల్లులో పనిచేశాను. అక్కడి కార్మిక సంఘానికి కార్యదర్శిని కూడా. మైకు దొరికితే వదిలేవాణ్ణి కాదు. మేం సాధించినవాటిలో నేను బాగా గర్వపడింది ఒక ఒప్పందం గురించి. డ్యూటీలో దెబ్బ తగిలి ఇక పని చేయలేనివాడికి, రిటైరయ్యే వయసు దాకా మిల్లు సగం జీతం ఇవ్వాలి. ప్రభుత్వ బీమా ఇచ్చే కొద్దిపాటి పింఛను కాక ఇది వేరే. ఆ రోజు నన్ను భుజాల మీద ఎత్తుకుని గేటు దాకా తీసుకెళ్ళారు. యాజమాన్యం ఒక్క మెలిక పెట్టింది. మనిషి సొంత అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలితే ఆ సగం జీతం రాదు. నేను సరే అన్నాను. మనవాళ్ళు జాగ్రత్తగానే ఉంటారులే అనుకున్నాను.

నాతో బ్లోరూమ్‌లో ఏడుకొండలు పనిచేసేవాడు. పత్తి బేళ్ళు విప్పి దులిపే గది అది. ఎప్పుడూ దూది పొగ. మిషన్ల హోరులో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని మాకు చేతులే మాటలు. పత్తి అడ్డుపడి మిషను బిగుసుకుంటే నేను స్విచ్ ఆపేవాణ్ణి, వాడు లోపల చెయ్యి పెట్టి ఇరుక్కున్న పత్తి లాగేవాడు. ఒక చెయ్యి ఎత్తితే ఇంకా కాలేదు, ఆగు అని. వెనక్కి జరిగి రెండు చేతులూ ఎత్తితే అయిపోయింది, వెయ్యి అని. కొత్తగా చేరినవాళ్ళకు ఇది నేర్పేది నేనే.

ఆ రోజు బోనస్ చర్చల కబురు పట్టుకుని ఒకాయన తలుపు దగ్గరికి వచ్చి నన్ను రమ్మని సైగ చేశాడు. నా చూపు అటు పోయింది. ఇటు తిరిగేసరికి దూది పొగలో ఒక చెయ్యి కనపడింది. రెండోది ఎత్తాడో లేదో చూడలేదు. స్విచ్ వేశాను.

అప్పుడు మాత్రం ఆ హోరులో కూడా వాడి కేక వినపడింది.

కుడిచెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు. ఆస్పత్రిలో వాడి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలుసు. అప్పుడు వాడితో అన్నది కంగారులో అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గాని అది కూడా అబద్ధమే. వాడు మెల్లగా అడిగాడు.

"అన్నా, నేను చెయ్యి పెట్టినప్పుడు మిషను ఆగే ఉంది గదా? నువ్వే గదా ఆపింది?"

"ఆపలేదురా. నేను ఆపేలోపే పెట్టేశావు."

"నాకు ఆగినట్టే గుర్తుందన్నా."

"అట్టాంటి దెబ్బ తగిలితే గుర్తు తప్పిద్దిరా."

వాడు పైకప్పుకేసి చూస్తూ, "నువ్వు చూశావు గాబట్టి నువ్వు చెప్పిందే నిజమయ్యుండిద్ది" అన్నాడు.

విచారణలో నేను పెద్దగా అబద్ధమాడాల్సిన అవసరమే రాలేదు. తిరిగే మిషన్లో చెయ్యి పెట్టానని వాడే ఒప్పుకున్నాడు. సొంత అజాగ్రత్త అన్నారు, సగం జీతం రాదన్నారు. ఆ మాట మీద సంతకం పెట్టినవాణ్ణి, ఏమని పోట్లాడను? కార్మికుల దగ్గర చందా వసూలు చేసి ఇచ్చాను. వాడు ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నా ఉద్యోగం పోతే సంఘం చీలిపోతుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా సంఘం కోసమేనా? నేను రిటైరైనా సంఘం నిక్షేపంగా నడుస్తోంది. నేను భయపడ్డాను, అంతే. మనుషులు నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. వాడి చెయ్యి తీసింది నా పొరపాటు. వాడి జ్ఞాపకాన్ని మాత్రం కావాలనే తీసేశాను.

ఆ తర్వాత వాడు టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళకు మొండిచెయ్యి చూపించి, తనలాగా ఎర్రిపని చెయ్యొద్దని చెబుతుంటే విన్నాను. విని టీ తాగాను.

ఈమధ్య ఇప్పటి కార్యదర్శి పాత కేసులు తిరగదోడుతూ ఇంటికి వచ్చాడు. చూసినవాళ్ళు కొత్తగా ఏమన్నా చెబితే ఏడుకొండలు సంగతి మళ్ళీ అడగొచ్చన్నాడు. వాడికి రిటైరయ్యే వయసు ఇంకా రాలేదు. కొత్తగా ఏమీ లేదు బాబూ అని పంపేశాను. మర్నాడు సత్తెనపల్లి బస్సెక్కాను.

వాడిప్పుడు అక్కడ ఒక రైతు మిరప కల్లానికి కాపలా ఉంటున్నాడు. భార్య నాగమణి కాయలకు తొడిమలు తీసే కూలికి వెళుతుంది. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో. కూర్చోకుండానే చెప్పేశాను, ఆ రోజు మిషను ఆగే ఉందిరా అని.

వాడి మొహం వెలిగిపోయింది. నాకు కోపం కనపడలేదు. "ఏమేవ్, ఇటు రా! మిషను ఆగే ఉందంట! నేను చెప్పలా?" అని భార్యను కేకేశాడు. ఇన్నేళ్ళు ఆమె చేత ఎన్ని మాటలు పడ్డాడో ఆ కేకలో తెలిసింది. ఆమె వచ్చి, కారం మంటకు చేతులు కొంగుతో తుడుచుకుంటూ నన్నే చూసింది.

"ఆగిన మిషను దానంతటది తిరగదు గదన్నా. స్విచ్చెవరేశారు?"

"నేనే" అన్నాను.

మిల్లుకెళ్ళి అందరి ముందూ ఇదే చెబుతానన్నాను. ఏడుకొండలు, నా వైపు చూడకుండా, "ఒక చెయ్యి ఎత్తాను గదన్నా" అన్నాడు.

"ఎత్తావు. చూశాను" అన్నాను.

క్షమించమని అడగలేదు. అడిగితే అదీ వాడి నెత్తిన పెట్టినట్టే. రోడ్డెక్కి బస్సు కోసం నిలబడ్డాను. చెయ్యి పోయిన రోజు నుంచీ వాడితో నేను నిజంగా మాట్లాడింది ఆ కాసేపే.