నిమ్మకాయలు తొక్కని బండి

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు. మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఫలానా మలుపులో ఏదో కనబడిందట సార్ అని ఎవరైనా అంటే, ఆ మలుపులో నువ్వు అద్దం చూశావా లేదా, ముందు అది చెప్పు అంటాను. తిరువూరులో నన్ను మొండివాడంటారు. అనుకోనీ.

మాది చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారని నమ్ముతాను గానీ మన మధ్య తిరుగుతారంటే ఒప్పుకోను. సైన్యంలో పనిచేసినన్నాళ్ళూ ఎన్నో శవాలను నా చేతులతో మోశాను. ఒక్కటీ లేచి నాతో మాట్లాడలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది నాకే మింగుడు పడని విషయం.

నా పేరు ప్రభుదాసు. సైన్యంలో నేను కవచ వాహనం డ్రైవర్ని. దాన్ని చూసి అందరూ ట్యాంకు అంటారు. కాదు. ట్యాంకు పోరాడటానికి, మా బండి మనుషుల్ని మోయడానికి. చుట్టూ మందపాటి ఉక్కు, కింద ఎనిమిది రబ్బరు టైర్లు. ఇనుప పట్టాలు ఉండవు కాబట్టి తారురోడ్డు మీద లారీతో సమానంగా పోతుంది. ఒకటి రెండు టైర్లకు తూటాలు తగిలినా ఆగదు. వెనకాల జవాన్లు ఎదురెదురుగా కూర్చుంటారు. కాల్పుల మధ్య నుంచి వాళ్ళను తీసుకెళ్ళి దించాలి, గాయపడ్డవాళ్ళను వెనక్కి తేవాలి, సరుకు లారీలకు ముందు నడిచి దారి చూపాలి. వరదొస్తే ఊళ్ళు ఖాళీ చేయించేదీ మేమే. ఆ బండిలో నేను బాలింతల్ని కూడా మోశాను.

ఆ బండి నడపడంలో కష్టమంతా చూపుతోనే. డ్రైవర్ ముందు చిన్న అద్దం ఒకటుంటుంది. దాంట్లోంచి దూరం కనబడుతుంది గానీ బండి పక్కన ఏముందో, ముందు చక్రాల దగ్గర ఏముందో కనబడదు. అందుకని కమాండర్ డ్రైవర్ వెనక ఎత్తు సీటు మీద నిలబడి, పై మూతలోంచి తల బయటికి పెట్టి చూస్తూ తలకు తగిలించుకున్న మైకుల ద్వారా దారి చెబుతాడు. ఆ మైకులు వేడికి తరచూ మూగబోయేవి. అప్పుడిక కాళ్ళే దిక్కు. కమాండర్ బూటు సరిగ్గా డ్రైవర్ భుజం ఎత్తులో ఉంటుంది. ఎడమ భుజం నొక్కితే ఎడమకు, కుడి భుజం నొక్కితే కుడికి. రెండు భుజాలూ కలిపి నొక్కితే ఉన్నపళంగా ఆపాలి.

మా కమాండర్ కోటేశ్వరరావు. పెనుగొలను మనిషి. సైన్యమంతటిలో నాకు మా వైపువాడే కమాండర్‌గా దొరకడం నా అదృష్టం అనుకునేవాణ్ణి. నేను కోటన్న అనేవాణ్ణి. మన ఇళ్ళల్లో ఎవరికైనా కాలు తగిలితే ఏం చేస్తాం? వాళ్ళను తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటాం. కోటన్నకు ఆ అలవాటు ఎక్కడికెళ్ళినా పోలేదు. పొద్దంతా నా భుజాలు తొక్కేవాడు. క్యాంపుకు రాగానే కిందికి దిగి, నా భుజాలు తాకి కళ్ళకద్దుకునేవాడు. మిగతా జవాన్లు హిందీలో ఎగతాళి చేసినా మానలేదు.

“ఏంటన్నా, రోజంతా తన్ని సాయంత్రం ఒక్క దణ్ణమా?” అనేవాణ్ణి.

“హోల్‌సేల్‌గా పెడుతున్నాను, తీసుకోరా దాసూ,” అనేవాడు.

సముద్రం అవతల ఒక దేశానికి శాంతి కాపలా కోసం మమ్మల్ని పంపారు. ఎర్రమట్టి నేల అది. అక్కడి పై అధికారుల దగ్గర పూజలూ అవీ కుదరవు. కోటన్న వాళ్ళమ్మ వెంకమ్మగారు ఫోన్లో ప్రతిసారీ ఒకటే అడిగేది, బండికి నిమ్మకాయలు తొక్కించారా అని. తొక్కించామమ్మా అని చెప్పి ఫోన్ పెట్టేసి కోటన్న నవ్వేవాడు. ఈ దేశంలో నిమ్మకాయలు నేనెక్కడ తేనురా అనేవాడు.

ఒక రోజు ఆహారం లారీలకు ముందు పోతున్నాం. మైకులు పనిచేయడం లేదు. చెట్లలోంచి కాల్పులు మొదలయ్యాయి. నా ఎడమ భుజం మీద బూటు గట్టిగా నొక్కింది. ఎడమకు తిప్పాను. అక్కడొక కాలిబాట ఉంది, దాంట్లోంచి బయటపడ్డాం. లారీలూ మా వెనకే వచ్చాయి. ఆ బూటు మాత్రం నా భుజం మీది నుంచి లేవలేదు. దారి పొడవునా బరువుగా అక్కడే ఉంది. అన్న కంగారులో మర్చిపోయాడు అనుకున్నాను. క్యాంపులో బండి ఆపాక పై మూతలోంచి ఎవరో అతన్ని బయటికి ఎత్తారు. అప్పుడు లేచింది ఆ కాలు. కోటన్న దారిలోనే పోయాడు.

ఆ సాయంత్రం నా భుజం తాకి కళ్ళకద్దుకునేవాడు లేడు. ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. నాకు కాదు. పెన్షన్ మీద ఇంటికొచ్చి, స్కూలు పెట్టి, పిల్లల పెళ్ళిళ్ళు చేసినా ఆ ఎడమ భుజం బరువు నన్ను వదల్లేదు. డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాడు. కాళ్ళతో దారి చెప్పే సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. కమాండర్ నన్ను తొక్కేవాడని చెబితే బయటివాళ్ళకు అందులో ఉన్న ప్రేమ ఏం అర్థమవుతుంది?

పరామర్శకు పెనుగొలను వెళ్ళినప్పుడు వెంకమ్మగారు నన్ను అడిగింది ఒక్కటే.

“నిజం చెప్పు నాయనా. నిమ్మకాయలు తొక్కించారా?”

అబద్ధం ఆడటం చేతకాక, అక్కడ దొరకలేదమ్మా అన్నాను. ఆవిడ ఏడవలేదు. అదీ సంగతి అన్నట్టు తల ఆడించింది. ఆ రోజు నుంచి కొడుకు పోయింది అందుకేనని ఆవిడ నమ్మకం. తాను ఇక్కణ్ణించి పార్సిల్ పంపినా సరిపోయేది కదా అని తనను తాను తిట్టుకునేది. నాకు అలాంటి నమ్మకాలు లేవు గానీ ఆవిడతో ఎప్పుడూ వాదించలేదు.

కిందటేడు మా మాజీ సైనికులందరం కలిసి అర్జీలు పెట్టగా పెట్టగా, సైన్యం పక్కన పడేసిన కవచ వాహనం ఒకటి మా ఊరికి వచ్చింది. కాలేజీ ముందు సిమెంటు దిమ్మె కట్టి, చనిపోయిన మా వాళ్ళ గుర్తుగా దాని మీద నిలబెట్టాలని ఏర్పాటు. అది మేము నడిపిన బండే అయివుంటే చెప్పుకోవడానికి ఇంకా బాగుండేది. కాదు. నంబరు చూశాను, వేరే బండి. రకం మాత్రం అదే.

ఇంజను తీసేశారు. కాలేజీ పిల్లలు ఎక్కి పడతారని పై మూతలన్నీ వెల్డింగ్ చేసి పంపారు. కమాండర్ సీటు పీకేశారు, అక్కడ నాలుగు బోల్టుల బెజ్జాలు మాత్రం ఉన్నాయి. డ్రైవర్ సీటూ స్టీరింగూ హ్యాండ్ బ్రేకూ మిగిలాయి. జేసీబీకి ఇనుప తాడు కట్టి లాగాలి, లోపల స్టీరింగ్ పట్టుకోవడానికి మనిషి కావాలి. ఇంకెవరు? నేనే. ముందు రోజే పోయి హ్యాండ్ బ్రేకుకు గ్రీజు పెట్టి, నాలుగుసార్లు లాగి చూసుకున్నాను.

కార్యక్రమం పొద్దున పెట్టుకున్నాం. కొత్త తెల్ల చొక్కా వేసుకెళ్ళాను. వెంకమ్మగారిని ఆవిడ మేనల్లుడు పెనుగొలను నుంచి ఆటోలో తీసుకొచ్చాడు. ఆవిడకు ఇప్పుడు చెవులు బాగా మందగించాయి, నడుము వంగిపోయింది. కొంగు ముడిలో నిమ్మకాయలు తెచ్చుకుంది.

ఇక్కడే పెద్దమనుషులు ఒక తెలివితక్కువ పని చేశారు. బండిని దిమ్మె మీదికి ఎక్కించాక పూజ అని పెట్టారు. వెంకమ్మగారు వేదిక దగ్గరికెళ్ళి గట్టిగానే అడిగింది.

“దిమ్మె మీద కూర్చోబెట్టాక చక్రం తిరగదు గదయ్యా. ఇంక నిమ్మకాయలు ఎట్టా తొక్కుద్ది?”

“అన్నీ చేస్తామమ్మా, మీరు కూర్చోండి,” అని కుర్చీ చూపించారు. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. పూజ ముందే కానిద్దామని నేనన్న మాట కూడా ఎవరూ వినిపించుకోలేదు. ఎమ్మార్వోగారు వచ్చే టైమైందని అందరికీ హడావుడి.

నేను పక్క తలుపులోంచి లోపలికి దూరి, తలుపు వేసుకున్నాను. వేసుకునే ముందు లోపలంతా చూశాను. అది పాత అలవాటు, ఎవరైనా మిగిలిపోయారేమో అని చూడటం. ఎవరూ లేరు.

జేసీబీ లాగడం మొదలుపెట్టింది. వాన పడి నల్లరేగడి నేల మెత్తగా ఉంది, బండి నెమ్మదిగా కదిలింది. దిమ్మె వాలు దగ్గరికి రాగానే తాడు సర్దడానికి కాసేపు ఆపారు. జనమంతా వేదిక ఉన్న ఎడమ వైపే ఉన్నారు. మళ్ళీ పోనీ అని ఎవరో అరవడం వినబడింది. తాడు బిగుసుకుంది. బండి కదిలింది.

అప్పుడు నా రెండు భుజాల మీదా బూట్లు పడ్డాయి.

గాలి తగిలిందనో, వణుకు పుట్టిందనో నేను చెప్పడం లేదు. బూట్లు. మడమ వెనక, మునివేళ్ళు ముందు, నాకు ఎంత అలవాటైన బరువో అంత బరువు. రెండూ ఒకేసారి నొక్కాయి. ఆలోచించి చేసింది కాదు, నా చెయ్యి దానంతట అది హ్యాండ్ బ్రేకును చివరిదాకా లాగేసింది. బండి బిగదీసుకు నిలబడిపోయింది. జేసీబీ టైర్లు బురదలో గిర్రున తిరిగి ఆగాయి. బయట ఏమైంది ఏమైంది అని కేకలు.

భుజాల మీద బరువు లేదు. తల తిప్పి చూశాను. వెనక ఆ నాలుగు బెజ్జాలే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే వెంటనే దిగలేదు. అలాగే కూర్చున్నాను. ఇప్పుడొక చెయ్యి వచ్చి నా భుజం తాకుతుందని చూశాను. ఏ చెయ్యీ రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

దిగి చుట్టూ తిరిగి కుడి వైపు వచ్చాను. వెంకమ్మగారు ముందు చక్రం ఎదుట మోకాళ్ళ మీద వంగి ఉంది. తాడు సర్దడానికి ఆపినప్పుడు ఎవరూ చూడకుండా వచ్చేసింది. జేసీబీ మోత ఆవిడకు వినబడలేదు. బండి కదలడం కూడా తెలియలేదు. ఒక నిమ్మకాయ టైరు కింద పెట్టి చేత్తో లోపలికి తోస్తోంది. కొంగు చివర అప్పటికే టైరు కిందికి పోయింది. ఆవిడ వేళ్ళకూ టైరుకూ మధ్య ఆ నిమ్మకాయ ఒక్కటే ఉంది.

బండి ఆపమని ఎవరూ అరవలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. ఆవిడ అక్కడుందని ఎవరికీ తెలియదు. జేసీబీ అబ్బాయి తాడు ఎక్కడో పట్టేసిందనుకున్నాడు. నా అద్దంలోంచి ఆ చక్రం కనబడదు, కనబడే అవకాశం లేదు. అద్దాల గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడను లేపి, భయంతో గట్టిగా కేకలేశాను.

“అమ్మా, ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసా?”

“నువ్వున్నావుగా లోపల,” అంది. “ముందు తొక్కించు నాయనా. నాకు వేరే పని లేదు ఈ లోకంలో.”

ఆవిణ్ణి దూరంగా నిలబెట్టి, ఇద్దర్ని కాపలా పెట్టి, మళ్ళీ ఎక్కి నిమ్మకాయలు తొక్కించాను. బండి దిమ్మె మీదికి చేరింది. ఈసారి నా భుజాల మీద ఏమీ పడలేదు.

దిగి ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. ఆవిడ నా చొక్కా వైపు పరీక్షగా చూసింది.

“ఇదేంటయ్యా, భుజాల మీద మట్టి?”

చూసుకున్నాను. తెల్ల చొక్కా మీద రెండు వైపులా ఎర్రమట్టి. పాత బండిలో దుమ్ము ఉండదా అని మీరంటారు. ఉంటుంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. వీపుకు అంటలేదు, చేతులకు అంటలేదు. మర్నాడు తడిగుడ్డ పట్టుకుని మళ్ళీ లోపలికి పోయి అణువణువూ తుడిచాను. గుడ్డకు నల్లటి గ్రీజు మరకలే అంటుకున్నాయి గానీ ఎర్రమట్టి లేదు.

“ఎవరిదో కాలు తగిలింది నాయనా నీకు,” అంది వెంకమ్మగారు. కొంగుతో ఆ మట్టి దులిపింది. దులిపి, కుడి చెయ్యి నా ఎడమ భుజానికి తాకించి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత కుడి భుజం తాకి మళ్ళీ అద్దుకుంది. అచ్చం కోటన్న లాగే, అదే వరసలో.

కాళ్ళ సంగతి నేను ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. కోటన్న చెప్పాడేమో అని అడిగాను. ఏ కాళ్ళు నాయనా అంది.

నా భుజం మళ్ళీ ఎప్పుడూ బరువెక్కలేదు. ఆ పొద్దున బండిలో బ్రేకు వేయమన్నది ఎవరని నన్ను అడగకండి, నాకు తెలియదు. స్కూల్లో ఇప్పటికీ అద్దాలు చూడమనే చెబుతున్నాను. కాలేజీ ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం స్కూటర్ ఆపి, ఆ చక్రాన్ని తాకి కళ్ళకద్దుకుంటాను. ఎందుకలా అని మా ఆవిడ అడిగితే, కాలు తగిలింది అంటున్నాను.