షాబాజ్ భాయ్ సాఫ్ట్‌వేర్ స్వయంవరం

కారేపల్లి షాబాజ్ భాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ సాఫ్ట్‌వేర్‌లో పాట రికార్డు చేయాలో జన్మలో తేల్చుకోలేడు.

స్టూడియో అంటే వాళ్ల నాన్న టైలరింగ్ దుకాణం వెనక గది. గోడలకు దుప్పట్లు, మధ్యలో కంప్యూటర్, బరిలో ఇద్దరు అభ్యర్థులు. ఒకటి డప్పు దరువును లూపుగా తిప్పడంలో దిట్ట. రెండోది గొంతులను ట్రాకు మీద ట్రాకుగా పేర్చడంలో ఘనాపాఠి. దేన్ని వరించాలన్న చర్చకు నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టేవాడు. నాకు రెండింటి గురించీ ఏమీ తెలియదు కనుక నా నిష్పక్షపాతాన్ని ఎవరూ శంకించలేరు.

ఎవరి పాటైనా సరే, సగంలో నుదురు కొట్టుకునేవాడు. "ఇది పనికిరాదు, ఇంకోటి ఎక్కిద్దాం." నా పద్యపఠనానికైతే ఐదుసార్లు మార్చాడు. నా గాత్ర గాంభీర్యాన్ని మోసే సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదని ఊళ్లో వినయంగా చెప్పుకున్నాను.

మొన్న తండా నుంచి కోటేష్ తన నాయనమ్మ హేమ్లిని తీసుకొచ్చాడు. మర్నాడే కోటేష్ చెల్లెలు సువర్ణ పెళ్లి. ఊరేగింపులో డీజే పెట్టెల్లోంచి తన పాటే మోగాలని ముసలమ్మ పంతం. సాయంత్రంలోగా అందకపోతే ఫోన్‌లో ఉన్నదేదో వేస్తానని డీజే అతను ముందే చెప్పేశాడు.

హేమ్లిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించారు. దరువు మొదలైంది. ఆమె ఒక వరుస పాడి ఆగింది. దరువు ఆగలేదు. తండాలో ఆమె పాడిన ప్రతి వరుసనూ పక్కనున్న ఆడవాళ్లు అందుకుంటారు. ఇక్కడ అందుకోవడానికి ఉన్నవి దుప్పట్లు. రెండోసారీ అదే తంతు.

"నా గొంతు పోయింది బిడ్డా," అంటూ లేచింది.

కోటేష్ గడియారం చూసుకున్నాడు. "ఇడ్సిపెట్టు భాయ్. ఫోన్ల పాటే ఏపిస్త."

షాబాజ్ నుదురు కొట్టుకున్నాడు. "నీ గొంతుకేమైందమ్మా, యాడీ? ఈ సాఫ్ట్‌వేరే దొంగది, ఆగాల్సిన కాడ ఆగుతలేదు. కొత్తది దించుతున్న. కోటేష్, జల్దీ పోయి మీ తండా ఆడోళ్లను, జమ్లి వాళ్లను తోల్కరా. మైకు సరిచూసేతందుకు నలుగురు గావాలె."

ఆటో నిండా ఆడవాళ్లు దిగారు. షాబాజ్ కుర్చీ తీసేశాడు, దరువు ఆపేశాడు. వాళ్లు గుండ్రంగా నిలబడి, వంగి చప్పట్లు కొడుతూ అందుకున్నారు. పోయిందనుకున్న గొంతు దుప్పట్లను చీల్చుకుని టైలరింగ్ దుకాణంలోకి వచ్చింది. అక్కడ కుట్టుమిషన్లు ఆగిపోయాయి. మూడు నిమిషాల పాటను ఆపించడానికి పావుగంట బతిమాలాల్సి వచ్చింది. వాళ్ల చప్పట్లనే కత్తిరించి షాబాజ్ దరువు కట్టాడు. పొద్దు గూకకముందే పెన్‌డ్రైవ్ డీజే దగ్గరికి చేరింది.

అందరూ వెళ్లాక నాకో ధర్మసందేహం కలిగింది. రోడ్డు పనుల్లో కేబుల్ తెగి పొద్దుటి నుంచి ఊళ్లో నెట్ లేదు. మరి కొత్త సాఫ్ట్‌వేర్ ఏ దారిన దిగింది?

షాబాజ్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఏం దిగలే సార్. తెర రంగు మార్చిన. నాలుగేండ్ల సంది ఉన్నది ఒక్కటే, రెండు పనులూ అదే చేస్తది. తప్పు నీదంటే మనిషి గొంతు మూసుకపోతది. సాఫ్ట్‌వేర్‌కేం సిగ్గు? ఎన్ని తిట్లైనా పడ్తది."

ఎంత గొప్ప మనసని పొంగిపోతూ బయల్దేరాను. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి కోసం ఆగినప్పుడు నా పద్యాలు గుర్తొచ్చాయి.

ఐదు రంగులు.

ఇప్పటికీ ఎవరడిగినా తప్పు సాఫ్ట్‌వేర్‌దేనని చెబుతున్నాను. షాబాజ్ అంతటివాడి మాట కాదనడం మర్యాద కాదు.