తమ్ముడి ఖర్చు వద్దన్న మనిషి

పోయిన ఆదివారం పొద్దున నా భార్య చనిపోయింది. ఎల్బీనగర్‌లో దవాఖానలో ఉన్నాం. కిందికి వెళ్ళి టీ తాగి రమ్మని నన్ను పంపింది. తిరిగి వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగేసింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు చాలామంది ఒకటే అడిగారు. సొంత తమ్ముడి కుటుంబం మీద ఆమె ఎన్నికల్లో ఎందుకు నిలబడింది అని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఆమె సివిక్స్ చెప్పేది. ఎన్నికలప్పుడు ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే అందులో బొమ్మ చూసేది కాదు. అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు వెతికేది. లేకపోతే ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేది. ఎవరు అచ్చేయించిన్రో తెల్వని కాగితం నేను చదవను, అనేది.

మా వార్డు మహిళలకు రిజర్వయినప్పుడు ఆమె తమ్ముడు ఇంటికి వచ్చాడు. బడంగ్‌పేట్‌లో వాళ్ళ పొలాలు ప్లాట్లయినప్పటి నుంచి అతనిది ఆ వ్యాపారమే. తల్లిదండ్రులు లేరు. ఆమెకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే. చంకనేసుకుని పెంచింది.

“అక్కా, నువ్వు నిలబడు చాలు. ఖర్చంతా నాది,” అన్నాడు.

“గెలిచినంక సంతకం యాడ పెట్టాల్నో గది గూడ నువ్వే చెప్తవా?”

“చెప్తే తప్పేంది? నేనేమన్న పరాయోన్నా?”

“పరాయోనివైతే వద్దనుడు తేలికగ ఉంటుండె,” అంది.

అన్నం తిని పొమ్మంది. తినకుండానే వెళ్ళాడు. కొన్నాళ్ళకు తన భార్యను నిలబెట్టాడు. అది తెలిసిన మర్నాడే ఈమె కూడా నామినేషన్ వేసింది, ఏ పార్టీ లేకుండా. నేను వద్దన్నాను. నేను చెప్పిందంతా విని, చెప్పులు వేసుకుని వెళ్ళింది.

ఆమె అడిగింది ఒక్కటే. వార్డు ఎన్నికల ప్రచారానికి సర్కారే ఖర్చు పెట్టాలి. అందరికీ ఒకే కొలత పోస్టరు, ఒకే సభ, ఒకే మైకు. ఎవరూ సొంత డబ్బు కలపకూడదు. డ్రైనేజీ సంగతి చెప్పమన్నవాళ్ళకు కూడా ఇదే చెప్పింది. మా పై అంతస్తులో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన వేళాకోళం చేశారు. “మేం కట్టే పన్నుతో వాళ్ళకి పోస్టర్లెయ్యాలా అమ్మా? బాగుందే.”

“ఇప్పుడు గూడ మన పైసలే సార్. గెలిచినంక మన దగ్గర్నే గుంజుతరు. యాడ ఎంత గుంజుతరో మనకు తెల్వది, అంతే.”

ఆయన తలూపి మెట్లెక్కారు. ఓటు మాత్రం ఆమెకు వేయలేదని తర్వాత ఆయనే చెప్పారు.

సర్కారు ఎప్పుడో చేసేదాకా ఎందుకు, మన కాలనీలోనే చేసి చూద్దామని అసోసియేషన్‌ను ఒప్పించింది. మెయింటెనెన్స్ డబ్బుతో పార్కులో ఒక్క సభ. పోటీలో ఉన్నవాళ్ళందరూ సమానంగా, ఒకే మైకులో మాట్లాడాలి. ఆ వారమంతా ఇంట్లో ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ తిరిగింది.

సభ రోజు మేం వెళ్ళేసరికి షామియానా, కుర్చీలు, సౌండు బాక్సులు, అందరికీ సమోసాలు. అన్నీ ఆమె తమ్ముడు పంపినవే. అసోసియేషన్ డబ్బు మిగులుతుంది కదా అని ప్రెసిడెంటు తీసుకున్నాడు. “ఫ్రీగనే వచ్చినయి మేడమ్. మైకైతే అందరికి ఒక్కటే గదా,” అన్నాడు. ఆయనకు నిజంగానే అందులో తప్పు కనిపించలేదు.

ఆమె మైకు ముట్టుకోలేదు. షామియానా బయట నిలబడి మాట్లాడింది. మేడమ్‌కు క్లాసు చెప్పుడు అలవాటే, మైకెందుకు అని ఎవరో అంటే అందరూ నవ్వారు. వెనక వరుసలకు ఆమె గొంతు అందలేదు. నేను వెనక వరుసలోనే ఉన్నాను.

ఓడిపోయింది. మరదలు గెలిచి కార్పొరేటర్ అయింది. తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. రాఖీ కట్టడానికి ఆమే వెళితే, సారు ఇంట్లో లేడని గేటు దగ్గరే చెప్పారు. కారు లోపలే కనిపిస్తోంది. రాఖీ గేటు ఊచకు కట్టి వచ్చింది.

తర్వాత జబ్బు. అతనికి కబురు చేస్తానంటే ఒప్పుకోలేదు. ఒకరోజు తనంతట తనే అంది. “వాడు చెడ్డోడు కాదు. పైసలు పెట్టినోడు వాపస్ రావాలనే చూస్తడు, ఎవడైనా. వాణ్ణి గా దిక్కు పోనియ్యొద్దనుకున్న. నాతోని కాలే.”

మీరడిగిన దానికి జవాబు అదే.

ఆమెను ఇంటికి తెచ్చేసరికి గేటు ముందు ఫ్రీజర్ బాక్సు దించి ఉంది. నేను చెప్పలేదు. మా వార్డులో ఎవరు పోయినా కార్పొరేటర్ తరఫున అది ఉచితంగా వచ్చేస్తుంది. పైన అద్దం మీద పెద్ద స్టిక్కరు. అందులో కార్పొరేటర్, పక్కన చేతులు జోడించి ఆమె భర్త. కిరాయికి వేరేది తెప్పిద్దామన్నాను. అది వచ్చేదాకా ఎండకు ఆగదని పెద్దవాళ్ళు అందులోనే పడుకోబెట్టారు. స్టిక్కరు సరిగ్గా ఆమె ముఖం మీదికి వచ్చింది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. పుట్టింటి చీర పట్టుకుని, ఒక్కడే. “బావా” అన్నాడు. అక్కను చూడటానికి వంగాడు. స్టిక్కరు మీద తన ముఖమే కనిపించింది.

చీర నా చేతిలో పెట్టి, కింద కూర్చుని గోళ్ళతో ఆ స్టిక్కరు గీకడం మొదలుపెట్టాడు. గట్టి జిగురు. చిన్న చిన్న ముక్కలుగా ఊడుతోంది. ఎవరో చాకు తెచ్చి ఇవ్వబోతే తీసుకోలేదు. శ్మశానానికి తీసుకెళ్ళే బండి వచ్చి బయట ఆగేసరికి అద్దంలోంచి ఆమె నుదురు, ఒక కన్ను మాత్రం కనిపిస్తున్నాయి. అతను ఇంకా గీకుతూనే ఉన్నాడు.