బండ మీద సింహాసనం

మా ఇంట్లో మరుగుదొడ్డి ఒక సింహాసనం. ఎగతాళికి అంటున్న మాట కాదు. ఏదో పౌరాణిక సినిమా కోసం మా ఆయన చేయించిన రాజుగారి కుర్చీ అది. చేతులు ఆన్చేచోట రెండు సింహాలు, వీపు వెనక పురివిప్పిన నెమలి. ఆ సినిమా సగంలోనే ఆగిపోయింది. సెట్టు విప్పేటప్పుడు ఈయన కుర్చీని ఇంటికి మోయించుకొచ్చి, మధ్యలో గుండ్రంగా కోసి, కింద ఒక పీపా పెట్టారు.

ఫిల్మ్‌నగర్ వెనక, రోడ్డు అయిపోయాక ఇంకా పైకి నడిస్తే వచ్చే బండ మీద మా చెక్క ఇల్లు. స్థలం ఒక నిర్మాతగారిది. బోరు వేస్తే దుమ్ము తప్ప చుక్క నీరు పడలేదు. మురుగు పైపు రావాలంటే బండ పేల్చాలి, పేలిస్తే తమ అద్దాలు పగులుతాయని కింది బంగళాలవాళ్ళు గొడవ. చివరికి ఆ పెద్దమనిషి విసుగెత్తి, ఉంటే నువ్వే ఉండవయ్యా అని మా ఆయనకు వదిలేశారు. జీవితమంతా సెట్లు వేసిన మనిషికి ఇంకేం కావాలి? తలుపు ఒక జమీందారు మేడది, కిటికీ ఒక పోలీస్ స్టేషన్‌ది, గోడల చెక్క ఒక పడవది. కప్పు మీద సోలార్ పలకలు, పక్కన వాన నీళ్ళ తొట్టి. పొద్దున్నే మంచులో గోల్కొండ కోట కనపడీ కనపడనట్టు ఉండేది. నిద్ర లేచాక కాసేపు నేను ఏ కథలో ఉన్నానో నాకే తెలిసేది కాదు.

మొదట్లో నాకు ఒళ్ళు మండిన మాట నిజం. చుట్టూ జూబ్లీ హిల్స్ బంగళాల్లో మనిషి గదిలోకి అడుగుపెడితే మూత దానంతటదే లేచే రోజుల్లో, నేను దోసెడు రంపపు పొట్టు చల్లి బయటికి రావాలి. కడుక్కోవడానికి పక్కనే చిన్న అరుగు, ఆ నీళ్ళు నేరుగా మెట్టతామరలకు. పీపా నిండాక మూత బిగించి ఏడాది పాటు పక్కన పెట్టాలి. ఆలోగా రెండో పీపా నిండుతుంది, మొదటిది మన్నవుతుంది. వాసన రాదా అని వచ్చినవాళ్ళంతా ముందు అదే అడిగేవాళ్ళు. వచ్చేది, కానీ వడ్రంగి పని చేసి వెళ్ళిన గది వాసన.

పోనుపోను ఆ గది నాకు ప్రాణమైపోయింది. మోటారు మోత లేదు, నీళ్ళ హోరు లేదు. పోలీస్ స్టేషన్ కిటికీ ఊచల నీడలు మోకాళ్ళ మీద మెల్లగా పక్కకు జరుగుతుండేవి. కింద టోలిచౌకి వైపు నుంచి హారన్లు కూడా నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టు మెత్తగా వచ్చేవి. సింహాల తలల మీద చేతులు పెట్టుకుని, వచ్చిన పని మరిచిపోయి కూర్చునేదాన్ని. రాణీవాసం నుంచి ఎప్పుడు వేంచేస్తారని ఆయన బయటినుంచి అడిగేవారు.

ఒప్పుకోనిది మా అత్తయ్యగారు ఒక్కరే. భీమవరం నుంచి వచ్చినప్పుడల్లా తెల్లవారగానే ఆటో పిలిపించుకుని, జూబ్లీ హిల్స్‌లో దూరపు చుట్టాలింటికి వెళ్ళొచ్చేవారు. ఊరికే వెళితే బాగుండదని గోంగూర పచ్చడో, సున్నుండలో డబ్బాలో పట్టుకుని మరీ వెళ్ళేవారు. అమ్మ ప్రేమ అంటే అదీ, ఏటా వాళ్ళకి ఎంత పచ్చడి ముడుతోందో చూడు అని కొడుకు నవ్వేవారు. ఆవిడ మాత్రం, రాజు కూర్చునే చోట అదేం పాడు పనిరా అని ముఖం తిప్పుకునేవారు.

ఆఖరిసారి ఆవిడ వచ్చి రెండు నెలలున్నారు. కొడుకు చిక్కిపోయాడని పట్టుబట్టి వంటిల్లు నా చేతుల్లోంచి లాగేసుకున్నారు. పులస దొరక్కపోతే కొర్రమీను, పనసపొట్టు కూర, పూటకో పప్పు. ఆయన రెండోసారి వడ్డించుకుంటుంటే ఆవిడ కళ్ళు చెమర్చేవి. అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం సెట్టు మీద నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారు. గుండె.

చుట్టాలు దిగారు. వాళ్ళ ఇబ్బంది చూసి ఆయన సినిమా ఆఫీసువాళ్ళు బాత్రూమున్న షూటింగ్ కారవాన్ ఒకటి తెచ్చి కింద రోడ్డు మీద పెట్టారు. హీరోలు మేకప్ వేసుకునే అద్దాల ముందు మా పిన్నత్తలు పళ్ళు తోముకున్నారు. ఆ దినాలన్నీ నాకు పొగలో చూసినట్టే గుర్తు. నేను చేసిన పని ఒక్కటే, పీపాకు మూత బిగించి వాన తగలని మూలకు జరిపాను. ఎందుకు చేశానని అడిగితే చెప్పలేను.

అందరూ వెళ్ళాక అత్తయ్యగారు ఉండిపోయారు. ఏడాది తిరిగేదాకా ఇక్కడే ఉంటాననీ, సంవత్సరీకం అయ్యాక నేను ఆవిడతో భీమవరం వచ్చేయాలనీ మాట తీసుకున్నారు. బండ మీద ఒంటరిగా ఆడమనిషివి ఎలా ఉంటావన్నారు. నేను తల ఊపాను కానీ నాకు కదలాలని లేదు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడని మేకు లేదు. అలాగని ఆవిణ్ణి ఒంటరిగా ఊరికి పంపే ధైర్యమూ లేదు. ఆ ఏడాదంతా రోజులు తరిగిపోతుంటే నాకు భయంగా ఉండేది. ఆటో పిలిపించడం మాత్రం ఆవిడ మానేశారు. పొట్టు బుట్ట తొందరగా ఖాళీ అవుతోందని గమనించి ఇంకో మూట తెప్పించాను.

సంవత్సరీకం మర్నాడు పొట్టు మూటలు తెచ్చే వడ్రంగి మేస్త్రి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నామని అప్పటికే చెప్పి ఉన్నాం. మూలనున్న పీపా చూసి, "దీన్ని గిట్లనే ఇడిసిపోతే ఎట్లమ్మా, ఆటోల ఏసుకపోయి యాడనన్న పోసొస్త" అన్నాడు. సరేనన్నాను. అతను మూత తీసి, బరువు చూడటానికి పీపాను కొద్దిగా వంచాడు. నల్లటి మన్ను కాస్త బండ మీదికి రాలింది. పొడిగా, ముద్దలు లేకుండా.

అత్తయ్యగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. కాసేపటికి కొంగు దించారు.

"ఇది ఎప్పటిదమ్మా?"

"ఆయన ఉన్నప్పటిదండీ. ఆ రెండు నెలలదీ ఇందులోనే ఉంది."

ఆవిడ వచ్చి పీపా పక్కన చతికిలబడ్డారు. రాలిన మన్ను పిడికిట్లోకి తీసుకుని వేళ్ళతో మెదిపారు. పచ్చడి డబ్బాతో ఊరంతా తిరిగిన మనిషేనా అనుకున్నాను.

"ఆడవాళ్ళు రాకూడదని నన్ను కాటికి రానివ్వలేదు. అస్థికలు ఎవరో పట్టుకెళ్ళి గోదాట్లో కలిపొచ్చారు. కళ్ళతో కూడా చూడలేదు నేను" అన్నారు. పిడికిలి విప్పి చూసుకుంటూ, "వాడికి నేను వండి పెట్టిందేగా ఇదంతా" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. మేస్త్రిని వెళ్ళిపొమ్మని, దీన్ని ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదని చెప్పారు. అతను నా వంక చూసి, చెప్పులు వేసుకుని మెల్లగా బండ దిగిపోయాడు. ఆవిడ ఆ పిడికెడు మన్నూ తిరిగి పీపాలో వేశారు.

"ఇందులో ఏదన్నా పెడితే ఎన్నాళ్ళకి కాస్తుంది?"

"ఏం పెడతామో దాన్ని బట్టండీ. వంగ అయితే రెండు మూడు నెలలు. మామిడయితే అయిదారేళ్ళు పడుతుంది."

ఆవిడ లేచి వెళ్ళి రెండు బండల మధ్య ఉన్న సందులోకి తొంగి చూశారు.

"మామిడే పెడదాం" అన్నారు.