వొబ్బె కొలిచిన మంచు

ఫ్రీస్‌లాండ్‌లోని ఆ పల్లెలో కాలువ గడ్డకడితే, స్కేటింగుకు అనుమతి ఇవ్వాల్సింది ముసలి వొబ్బె. రోజూ పొద్దున్నే మంచుకు బెజ్జం వేసి మందం కొలిచేవాడు. పన్నెండు సెంటీమీటర్లు లేకపోతే ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు రొట్టెల కొట్టు హార్మెన్‌కు ఓపిక నశించింది. "నీ కొలతలు తగలెయ్య! చలికాలం కాస్తా అయిపోయేట్టుంది" అంటూ స్కేట్లు కట్టుకుని దూసుకెళ్లాడు.

"వంతెన కిందికి పోకురా, అక్కడ పలచన!" అని వొబ్బె అరుస్తుండగానే మంచు ఫెళ్లుమంది.

వొబ్బె బోర్లా పడుకుని నిచ్చెన తోశాడు. హార్మెన్ దాన్ని పట్టుకున్నాక తాపీగా అడిగాడు: "ఎన్ని సెంటీమీటర్లుందిరా?"

"మంచేదీ, నడుం దాకా నీళ్లే! లాగు మావా!"

మూడు రోజులకు కొలత పన్నెండు దాటింది. అందరికంటే ముందు హార్మెనే వచ్చాడు. కానీ వొబ్బె దిగి నడిచి చూపిస్తే గానీ కాలు మోపనన్నాడు.